అయిదువేల నలభై వరుసలు

ఇంగ్లీషు పల్లె థ్రాప్‌హామ్‌లో చర్చి గంటలు మోగించేవాళ్ళ దగ్గర పాట మాట ఎత్తకూడదు. రాగమూ తాళమూ వాళ్ళకి అక్కర్లేదు. వాళ్ళకి కావలసింది వరుస.

గోపురంలో ఎనిమిది గంటలు, వాటి కింద ఎనిమిది తాళ్ళు, తాడుకో మనిషి. మొదట చిన్న గంట నుంచి పెద్ద గంట దాకా క్రమంగా మోగిస్తారు. ఆ తర్వాత ప్రతి వరుసలోనూ గంటలు పక్కదానితో చోటు మార్చుకుంటూ పోతాయి. ఒక్కోటి దున్నపోతంత బరువు, బతిమాలినా బెదిరించినా ఒక చోటుకి మించి కదలదు. అన్నిటికన్నా పెద్దదైన ఎనిమిదోది మాత్రం ఎప్పుడూ చివరనే మోగి వరుసని ముగిస్తుంది. మిగిలిన ఏడూ ఎన్ని రకాలుగా నిలబడగలవంటే, ఏడుని ఆరుతో, వచ్చినదాన్ని అయిదుతో, అలా ఒకటి దాకా గుణించి చూడండి. అయిదువేల నలభై వస్తుంది. ఆ వరుసలన్నీ, ఒక్కటీ వదలకుండా, ఒక్కటీ రెండోసారి రాకుండా, కాగితం చూడకుండా, మధ్యలో ఆగకుండా మోగించి మళ్ళీ మొదటి వరుసకి చేరితే దాన్ని నిండు మోత అంటారు. మధ్యాహ్నం భోజనం చేసి మొదలుపెడితే టీ వేళకి పూర్తవుతుంది. ఒక్క వరుస రెండుసార్లు వచ్చిందా, పడ్డ కష్టమంతా వట్టి చప్పుడు కింద లెక్క.

ఆంబ్రోజ్ కెరిడ్జ్‌కి డెబ్బై ఏళ్ళు. బండి చక్రాలు చేసే వడ్రంగి. కుర్రతనం నుంచీ తాడు పట్టాడు గానీ ఆయన పేరు మీద ఒక్క నిండు మోత లేదు. ఒకసారి తాడు తెగింది. ఒకసారి పక్క తాడు మీదున్న ఆయన స్నేహితుడు రూబెన్ క్యాచ్‌పోల్‌కి తుమ్ములు పట్టుకున్నాయి, ఎంతకీ వదల్లేదు. ఒకసారి అంతా కుదిరిందనుకునేసరికి యుద్ధం వచ్చింది, గంటలు మోగించొద్దని ప్రభుత్వం చెప్పింది. యుద్ధం అయిపోయి ఎనిమిదేళ్ళయింది. ఇప్పుడు ఆయన కుడి భుజం అరిగిపోయింది. వచ్చే బుధవారం ఇప్స్‌విచ్ ఆసుపత్రిలో కోస్తారు, ఆ తర్వాత తాడు ముట్టుకోకూడదని డాక్టరు ఖరాఖండిగా చెప్పాడు. కాబట్టి ఈ శనివారం పోతే ఇంక లేదు.

ఆ శనివారం మోత నడిపించాల్సింది థిర్జా. ఆంబ్రోజ్ అన్న కూతురు, బడిపంతులమ్మ. తల్లీ తండ్రీ పోయాక ఆరేళ్ళ వయసులో బాబాయి ఇంటికొచ్చింది, తాడు పట్టడం ఆయన దగ్గరే నేర్చుకుంది. ఆమెకి ఆ అయిదువేల నలభై అంకె మీద వల్లమాలిన ప్రేమ. బళ్ళో పిల్లలకి దాన్ని చూపించి మురిసిపోయేది. దాన్ని సగం చేసి రెండువేల అయిదువందల ఇరవై మిఠాయిలనుకోండి, ఇద్దరికి పంచినా, ఏడుగురికి పంచినా, పదిమందికి పంచినా ఒక్కటి మిగలదు, ఒక్కరూ కొట్టుకోరు, పదకొండో వాడొస్తేనే పేచీ, అని చెప్పేది. అంత మర్యాదగల అంకె బాబాయి విషయంలో మాత్రం ఎందుకింత మొండికేసిందో ఆమెకి అర్థమయ్యేది కాదు.

ఆమె ఎంచుకున్న అమరిక రెండు సగాలది. రెండో సగం మొదటిదానికి కవల. అంతా అదే, కాకపోతే మొదటి సగంలో అయిదో గంట ఉన్నచోట రెండో సగంలో ఆరో గంట ఉంటుంది, ఆరు ఉన్నచోట అయిదు ఉంటుంది. అందుకే ఈ సగంలో వచ్చిన వరుస ఆ సగంలో రాదు. దారి పొడుగునా నడిపించేవాళ్ళు అప్పుడప్పుడూ “బాబ్” అని కేకేస్తారు, అది మామూలు మలుపు. సరిగ్గా నడిమికి వచ్చాక “సింగిల్” అని కేకేస్తే అయిదూ ఆరూ ఒకదాని దారి ఒకటి పట్టి కవల సగంలోకి ప్రవేశిస్తాయి. ఆఖర్న ఇంకోసారి “సింగిల్” అంటే ఎవరి దారికి వాళ్ళు తిరిగొస్తారు. అయిదోది ఆంబ్రోజ్ చేతిలో, ఆరోది రూబెన్ చేతిలో ఉన్నాయి.

శనివారం మబ్బుగా, చల్లగా ఉంది. గంటలకి అదే మంచిది. కోట్లు విప్పి మేకులకి తగిలించారు. ఎనిమిదో తాడు దగ్గర కమ్మరి హెర్బర్ట్ ఫ్లాట్ అరచేతుల్లో ఉమ్మేసుకుని, ఈసారి ఎవరైనా తుమ్మితే తాడుకే ఉరేస్తానని రూబెన్ వంక చూశాడు. రూబెన్ జేబురుమాలు తీసి చూపించి, దీన్ని నోట్లో కుక్కుకుని మోగిస్తానన్నాడు. ఆంబ్రోజ్ ఎడమ చేత్తో కుడి భుజం రుద్దుకుంటూ తాడు వంకే చూస్తున్నాడు.

మొదలైంది. తొలి అరగంట ఎలా గడిచిందో ఎవరికీ తెలియలేదు. తాళ్ళు లేస్తున్నాయి, దిగుతున్నాయి, పైన గంటలు ఒకదాని వెనక ఒకటి తడబాటు లేకుండా పలుకుతున్నాయి. థిర్జా ఏడో తాడు లాగుతూ చెవిలో వరుసలు చూసుకుంటోంది. అలా చూసుకోవడం బయటివాళ్ళకి విడ్డూరంగా ఉంటుంది గానీ, ఇంటావిడ వంటింట్లోనే ఉండి వాకిట్లో ఏ పిల్లాడు ఏ పిల్లాణ్ణి కొట్టాడో చెప్పడంలాంటిదే అది.

మొదటి సగంలో మూడో వంతు దాటాక ఒకచోట ఆమె “బాబ్” అంది. అయిదూ ఆరూ పక్కపక్కకి వచ్చే చోటది. ఎవరి దారిన వాళ్ళు పోవాలి. పోలేదు. అయిదు వెళ్ళాల్సిన దారిలో ఆరు వెళ్ళింది, ఆరు దారిలో అయిదు వెళ్ళింది. అంత నున్నగా జరిగింది, మిగతావాళ్ళెవరికీ చెవిన పడలేదు. ఆ ఇద్దరి మొహాల్లోనూ ఏ మార్పూ లేదు. తనే పొరబడిందేమో అనుకుంది థిర్జా. రెండు వరుసలు విన్నది, నాలుగు విన్నది. వెంటనే పేర్లు పెట్టి పిలిచి సర్దుకోమంటే తప్పు తప్పు కాకుండా పోయేది. నిశ్చయంగా తెలిసేసరికి ఆ వీలు దాటిపోయింది. ఇక న్యాయంగా చెయ్యాల్సింది ఒక్కటే. “ఆపండి” అనాలి.

నోరు తెరిచి బాబాయి వంక చూసింది. ఆయన తల కొంచెం పైకెత్తి, పెదవులు బిగించి, నొప్పిని లెక్కచెయ్యకుండా లాగుతున్నాడు. నోరు మూసుకుని తన తాడు లాగింది.

తప్పుదారిలో మోగుతున్న ప్రతి వరుసా రెండో సగంలో రావలసినదేనని ఆమెకి తెలుసు. ఇప్పుడే మోగేశాక అప్పుడు మళ్ళీ వస్తాయి. నడిమికి వచ్చి “సింగిల్” అంది. ఇద్దరూ చోట్లు మార్చుకోవాల్సిన ఆ ఒక్క చోటా మార్చుకోలేదు, తిన్నగా పోయారు. దాంతో రెండో సగం ఉండవలసినట్టే మొదలైంది. తప్పుతో కొంత దూరం పోయి దానంతటదే దారిలో పడినట్టు అనిపించింది. కానీ జరిగినదాన్ని తుడవడం ఎవరి తరం? రెండో సగంలో సరిగ్గా అదే చోట, అదే “బాబ్” దగ్గర, ఇద్దరూ మళ్ళీ అడ్డదిడ్డమయ్యారు. తప్పు మీద తప్పు. థిర్జాకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. చివరి “సింగిల్”కి కూడా ఇద్దరూ తిన్నగా పోయారు, గంటలు చక్కగా మొదటి వరుసకి వచ్చి చేరాయి, ఆమె “అంతే” అంది, తాళ్ళు ఆగాయి.

ఎవరూ కేకలు పెట్టలేదు. అక్కడ ఆ అలవాటు లేదు. ఒకరి చేతులు ఒకరు పట్టుకుని ఊపారు. హెర్బర్ట్ వచ్చి ఆంబ్రోజ్ వీపు మీద చరిచి, భుజం సంగతి గుర్తొచ్చి నాలిక్కరుచుకున్నాడు. రూబెన్ జేబురుమాలుతో కళ్ళు తుడుచుకుని, తుమ్ము కాదు లెండి అన్నాడు.

బీరు తాగడానికి ఎదురుగా ఉన్న బీరు దుకాణంలోకి పోయారు. గోపురం గోడ మీద పెట్టబోయే చెక్క పలక గురించి, దాని మీద రాయబోయే పేర్ల గురించి హెర్బర్ట్ మాట్లాడుతుంటే థిర్జా గ్లాసు ముట్టుకోలేదు. అబద్ధం ఆడడం కన్నా, ఆడిన అబద్ధం కింద ప్రతి ఆదివారం నిలబడి తాడు లాగడం కష్టం. అది ఆమెకి బాబాయి నేర్పిన బుద్ధే. చివరికి గ్లాసు పక్కకి జరిపి చెప్పేసింది.

“అది నిజమైన మోత కాదు. అయిదూ ఆరూ మారిపోయాయి. రెండు సగాల్లోనూ. నాకు అప్పుడే తెలుసు. ఆపాల్సింది, ఆపలేదు.”

హెర్బర్ట్‌కి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక అరచేతులు రెండూ బల్ల మీద వెల్లకిలా పెట్టి పొక్కులు చూపించాడు. ముందే చెబితే ఇవన్నా తప్పేవి కదా టీచరమ్మా, అన్నాడు. అతని కోపంలో న్యాయముంది. రూబెన్ తల దించుకున్నాడు. ఆంబ్రోజ్ ఒక్కటే అడిగాడు, ఎక్కడ మారామని. ఆమె చెప్పింది. ఇద్దరు ముసలాళ్ళూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. “ఓరి దేవుడా, జాబెజ్ గారి చోటు,” అన్నాడు రూబెన్ మెల్లగా.

ఇంటికి నడుస్తూ ఆంబ్రోజ్ ఆ సంగతి చెప్పాడు. ఆయనకి తాడు పట్టడం నేర్పినవాడు జాబెజ్ గారోడ్, అప్పట్లో గోపురానికి పెద్ద. చదువు అంతంత మాత్రం, చెవి మాత్రం గొప్పది. ఆయన సొంతంగా కట్టిన అమరిక మిగతా అంతా ఇదే, ఆ మార్పు మాత్రం నడిమిన రాదు, ప్రతి సగంలోనూ ముందే వస్తుంది. నడిమికి వచ్చేసరికి అందరి బుర్రలూ వేడెక్కి ఉంటాయి, కష్టమైన పని తలకాయ చల్లగా ఉన్నప్పుడే చేసెయ్యాలి అనేవాడట. ఆంబ్రోజూ రూబెనూ పంతొమ్మిదేళ్ళ కుర్రాళ్ళుగా ఉన్నప్పుడు ఆ అమరిక మోగించారు. పలక కూడా రాయించారు. పట్నం నుంచి పేరున్న పెద్దమనిషి ఒకాయన వచ్చి విని, మార్పు నడిమిన రాకపోతే వరుసలు రెండోసారి వచ్చి తీరతాయి, ఇది మోత కాదు అన్నాడు. జాబెజ్ వాదించలేదు. అంతటి మనిషి చెబితే నిజమే అయ్యుంటుందనుకుని, తన చేత్తోనే పలక దించేశాడు.

“మరి మీ ఇద్దరూ ఇవాళ అదెందుకు మోగించారు బాబాయ్?”

“మేమెక్కడ మోగించామే. చేతులు మోగించాయి. నువ్వు చెప్పేదాకా నాకు తెలీదు. కుర్రతనంలో ఎక్కిన విద్య కదా, ఆ చోటు రాగానే వాటంతటవే తిరిగాయి. మధ్యలో నువ్వు కేకేసినప్పుడు, ఆ పని అయిపోయిందిగా అనుకున్నట్టున్నాయి.” ఇంటి గేటు తీస్తూ అన్నాడు, “నువ్వు చెప్పడం మంచి పని అమ్మా. చెప్పకపోతే ఆ పలక కింద నాకు నిద్రపట్టేది కాదు.”

ఆ మాటకి థిర్జా ప్రాణం ఇంకా ఉసూరుమంది. తిట్టినా బావుండేది.

మరునాడు ఆదివారం, పొద్దుటి నుంచీ వాన. ఎప్పటిలాగే రూబెన్ భోజనానికి వచ్చాడు. భార్య పోయినప్పటి నుంచీ ఆదివారం భోజనం ఆయనకి ఇక్కడే. నిన్నటి గెలుపు కోసమని థిర్జా పిండి రేకుల మధ్య పళ్ళు పెట్టి కాల్చిన రెండు పెద్ద పైలు చేసి ఉంచింది, ఒకటి యాపిల్‌ది, ఒకటి ఉసిరిది. గెలుపు లేకపోయినా పైలు ఉన్నాయి. చల్లటి మాంసం, బంగాళాదుంపలు అయ్యాక ఒక్కోదాన్ని నడిమికి రెండుగా కోసి బల్ల మీద పెట్టింది.

ఆ ఇద్దరి తిండి చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. ఆంబ్రోజ్ యాపిల్ పై మొదటి సగం ముందేసుకున్నాడు. దాన్ని కానిచ్చి రెండో సగానికి చెయ్యి చాపేలోపు, రూబెన్ పళ్ళెం అటు తిప్పి ఉసిరి పై రెండో సగం అంటగట్టాడు. పులుపు తింటే భుజానికి మంచిదని ఎవరో చెప్పారట. రూబెన్ తనేమో ఉసిరి మొదటి సగంతో మొదలుపెట్టి యాపిల్ రెండో సగంతో ముగించాడు. అడ్డంగా తిన్నావురా వెధవా, ఒకటి తిని ఒకటి మొదలెట్టాలని తెలీదూ, అని ఆంబ్రోజ్ విసుక్కున్నాడు. ఎలా తింటే ఏంటి, పళ్ళేలు ఖాళీ అయ్యాయా లేదా, అని రూబెన్ వేలితో అంచు తుడిచి నాకాడు.

థిర్జా పళ్ళేలు తియ్యడానికి లేచినదల్లా అలాగే నిలబడిపోయింది. రెండు పళ్ళేలూ ఖాళీగా ఉన్నాయి. ఏ ముక్కా మిగల్లేదు. ఏ ముక్కనీ ఎవరూ రెండుసార్లు తినలేదు, తినడం సాధ్యమూ కాదు.

మళ్ళీ కూర్చుంది. మొదటి సగం మోత యాపిల్ పై అనుకుంటే, దాని కవల ఉసిరి పై. నిన్న వీళ్ళు యాపిల్ మొదటి ముక్క మోగించారు. ఆ “బాబ్” దగ్గర మారిపోయి ఉసిరి రెండో ముక్కలో పడ్డారు. నడిమిన మారలేదు కాబట్టి ఉసిరి మొదటి ముక్కకి వచ్చారు. సరిగ్గా అదే చోట మళ్ళీ మారిపోయారు, అంటే మిగిలింది యాపిల్ రెండో ముక్క. నాలుగు ముక్కలూ వచ్చాయి, ఒక్కోటి ఒక్కోసారే వచ్చింది. ఒక్క తప్పే అయితే మోత పాడయ్యేది. అదే తప్పు అదే చోట రెండోసారి జరిగేసరికి లెక్క నిండిపోయింది. నిన్నంతా తప్పు మీద తప్పు అనే కుమిలిపోయింది గానీ, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడనేలేదు. పిల్లల పలకల మీద కొట్టేసి కొట్టేసి, రెండు తప్పులంటే రెండు గీతలే అనుకోవడం అలవాటైపోయిన పంతులమ్మ మరి.

సరిగ్గా చూసుకోకుండా ఈసారి నోరు తెరవకూడదనుకుంది. కళ్ళు మూసుకుని ఆ మలుపు ముందు వరుసలూ వెనక వరుసలూ మనసులో మళ్ళీ నడిపించి చూసింది. టీ చల్లారిపోయింది. మగాళ్ళిద్దరూ ఆమెకి తలనొప్పేమోననుకుని గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు.

“బాబాయ్,” అంది చివరికి. “నిన్నటి మోత నిజమైనదే. నేను పిలిచింది కాదు మీరు మోగించింది. కానీ అయిదువేల నలభై వరుసలూ వచ్చాయి. ఒక్కటీ రెండోసారి రాలేదు.”

ముందు నమ్మలేదు. తన మనసు కుదుట పెట్టడానికి చెబుతోందనుకున్నాడు ఆంబ్రోజ్. అప్పుడామె పళ్ళేలు ముందుకి లాగి, రొట్టె ముక్కలు నాలుగు వాటిలో పెట్టి, ఒక్కొక్కటీ తీస్తూ చూపించింది. రూబెన్‌కి వెంటనే ఎక్కింది. తిండి మీద పెట్టి చెబితే లెక్కలు తనకెప్పుడూ కష్టం కాలేదన్నాడు. ఆంబ్రోజ్ తన చేత్తో ఆ ముక్కల్ని మళ్ళీ పెట్టి, మళ్ళీ తీసి చూశాడు. ఆయన మొహం మెల్లగా విచ్చుకుంది. ఎడం చెయ్యి చాచి థిర్జా చెంప మీద ఒక్కసారి తట్టాడు. అంతకాలం ఎదురుచూసిన మనిషి సంతోషం అంత చిన్నగా ఉంటుందని ఆమె అనుకోలేదు. ఆమెకి మాత్రం ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

ఉన్నట్టుండి ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“అయితే జాబెజ్ గారిదో?” అన్నాడు.

థిర్జా ఆ సంగతి ఆలోచించనే లేదు. ఇప్పుడు ఆలోచించడానికి ఏమీ మిగల్లేదు కూడా. నిన్న వీళ్ళ చేతులు మోగించింది ఆయన అమరికే. ఇది నిజమైతే అదీ నిజమే. పట్నం పెద్దమనిషి మార్పు ఎక్కడ ఉండాలో చూశాడు, రెండుసార్లు ఒకే చోట ఉందని చూడలేదు.

“ఆయనదీ సరైనదే బాబాయ్. అంటే పంతొమ్మిదేళ్ళప్పుడే నీకో నిండు మోత ఉంది. ఇప్పుడు రెండు.”

ఈ మాటకి ఆయన ఇంకా సంతోషిస్తాడనుకుంది. రూబెన్ అయితే అప్పటికే లెక్క కట్టేసి, నాక్కూడా రెండేనోయ్ అన్నాడు. ఆంబ్రోజ్ ఖాళీ పళ్ళేల వంక చూస్తూ కూర్చున్నాడు.

“పలక దించిన తర్వాత ఆయన ముప్పై ఏళ్ళు బతికాడు. ప్రతి ఆదివారం చర్చి గుమ్మం దగ్గర నన్ను ఆపేవాడు. నీ తొలి మోత నా వల్ల పాడైందిరా అబ్బాయ్, ఏమీ అనుకోకు అనేవాడు. నేను టోపీ తీసి, పర్లేదండీ, ఎప్పుడో మర్చిపోయాను అనేవాణ్ణి. పెద్ద మనసనుకున్నానే నాది. తప్పే చెయ్యని మనిషిని ముప్పై ఏళ్ళు క్షమిస్తూ వచ్చాను.”

మాటకి మాట అప్పజెప్పకుండా ఉండలేని రూబెన్ చెంచా కింద పెట్టేశాడు.

ఆంబ్రోజ్ బల్ల పట్టుకుని లేచి, తలుపు వెనకున్న కోటు అందుకున్నాడు. కుడి చెయ్యి పైకి లేవక చొక్కా అంచు దగ్గరే ఆగిపోయింది. ఈ వానలో ఎక్కడికని థిర్జా అడిగింది.

“గోరీల దొడ్లోకి. ప్రతి వారం ఆయనే నా దగ్గరకొచ్చి అడిగాడు. ఇవాళ నేను వెళ్ళి అడుగుతాను.”

థిర్జా వెనకనుంచి కోటు పట్టుకుంది. ముందు ఎడం చేతిది తొడిగి, తర్వాత నొప్పి చేతిని రెండు చేతులా పట్టుకుని నెమ్మదిగా లోపలికి పంపింది. రూబెన్ తన టోపీ వెతుక్కుంటున్నాడు.